గుల్లలు ఎక్కడ పడుతున్నాయో

నేను చెబుతున్నాను, మా ఆడపడుచు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. నేను మాట్లాడినట్టే రాస్తే చదివేవాళ్ళకు తికమకగా ఉంటుందని పుస్తకాల తెలుగులోకి మార్చి రాస్తానంది. మాట మార్చుకో, సంగతి మాత్రం మార్చకు అన్నాను. ఆమె బళ్ళో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. తప్పు తన మీదికి వచ్చే చోట కలం ఆపేస్తుందని నాకు తెలుసు. అందుకే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను.

విజయనగరం నుంచి భోగాపురం వెళ్ళే రోడ్డు మీద ఒక చోట దిగి, జీడితోటల్లోంచి కొంచెం నడిస్తే షూటింగ్ క్లబ్బు వస్తుంది. పెద్దదేమీ కాదు. ఒక రేకుల షెడ్డు, ఒక ఆఫీసు గది, మూడు వైపులా మట్టికట్ట. మా ఆయన పోలీసుల తుపాకులు బాగుచేసే పనిలో ఉండి, రిటైరయ్యాక అక్కడ చేరాడు. క్లబ్బులో ఉన్న తుపాకులన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. ఆయన పోయి మొన్న శ్రావణానికి రెండేళ్ళు నిండాయి. ఆయన పోయాక నన్ను పనికి పెట్టుకున్నారు. పొద్దున్నే గేటు తీయడం, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడం, టీ కాయడం, కాల్పులు అయ్యాక కింద పడిన ఖాళీ గుల్లలు ఏరి డబ్బాలో వేయడం నా పని. తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగును గుల్ల అంటాం. తుపాకీని మాత్రం నేను ముట్టుకోకూడదు, లైసెన్సు ఉన్నవాళ్ళే ముట్టుకోవాలి. అది చట్టం. దానికి నాకేమీ బాధ లేదు.

నన్ను ఏడిపించిందల్లా ఒక్క పిస్తోలు. పాయింట్ టూ టూ. క్లబ్బుకు ఉన్నది ఆ రకంలో అదొక్కటే. దాని తూటా పెన్సిలు కన్నా సన్నంగా ఉంటుంది. పెద్ద తూటాకు అడుగున నడిమధ్య దెబ్బ తగిలితే పేలుతుంది, దీనికి అడుగున ఉన్న అంచు మీద తగలాలి. పేలిన ఊపుకు పిస్తోలు పైభాగం వెనక్కి జరుగుతుంది. దాన్ని స్లైడు అంటారు. అది వెనక్కి వెళుతూ ఒక చిన్న కొక్కెంతో గుల్ల అంచు పట్టి లాగి పక్కకు విసిరేస్తుంది, ముందుకు వస్తూ కొత్త తూటాను లోపలికి తోస్తుంది. రెప్ప వేసి తీసేలోపు ఇదంతా అయిపోవాలి. మా ఆయన అన్నం తింటూ కూడా ఇదే చెప్పేవాడు. పులుసు చల్లారిపోతోంది మావా అంటే, కొక్కెం గురించి ఇంకో మాట చెప్పి అప్పుడు ముద్ద కలిపేవాడు.

మా ఆడపడుచు ఆయన చెల్లెలు. యాభై నాలుగేళ్ళది. శ్రీకాకుళంలో ఉంటుంది, ప్రతి ఆదివారం బస్సెక్కి వస్తుంది. కాల్చడం నేర్పింది అన్నే. బాగా కాల్చేది కూడా. కానీ కళ్ళు మసకేశాయి. కళ్ళజోడు పెడితే పిస్తోలు కొసన ఉండే గురిపుల్ల కనిపిస్తుంది, దూరంగా నిలబెట్టిన ఇనప రేకు కనిపించదు. తీసేస్తే రేకు కనిపిస్తుంది, పుల్ల కనిపించదు. కాసేపు పెట్టి, కాసేపు తీసి, చివరకు ఎటూ కాల్చలేక నా మీద కసురుకునేది.

అందుకని క్లబ్బు సెక్రటరీ ఒక రెడ్ డాట్ తెప్పించాడు. ఆయన కాలవల శాఖలో ఇంజనీరుగా చేసి దిగిపోయిన మనిషి. రెడ్ డాట్ అంటే సగం అగ్గిపెట్టెంత సామాను. అందులో చిన్న అద్దం ఉంటుంది, అద్దంలో ఎర్రటి చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క రేకు మీద ఉన్నప్పుడు మీట నొక్కితే గుండు అక్కడికే వెళుతుంది. పుల్లతో పని లేదు. కార్తీకంలో దాన్ని స్లైడు మీద మరలతో బిగించారు.

అప్పటికే మాఘంలో పోటీ అని చెప్పేశారు. పిస్తోలు ఒకటి, నేర్చుకుంటామని వచ్చే కాలేజీ పిల్లలు బోలెడంతమంది. అందుకని సెక్రటరీ ఒక కట్టుబాటు పెట్టాడు. ఐదు విడతలు, విడతకు ఐదు రేకులు, ఐదు తూటాలు, పది సెకన్లు. ఇరవై ఐదు రేకుల్లో ఇరవై పడగొట్టినవాళ్ళకే ఏడాది పాటు ఆ పిస్తోలుతో కాల్చే వంతు. పడగొట్టలేనివాళ్ళు పక్కకు తప్పుకోవాలి. మధ్యలో పిస్తోలు ఆగిపోతే మళ్ళీ అవకాశం లేదు, గడియారం ఆగదు. మా ఆడపడుచుకు ఏడాది పక్కన కూర్చోవడమంటే ఇక మానేసినట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

రెడ్ డాట్ పెట్టిన మొదటి ఆదివారం మూడో తూటాకే పిస్తోలు ఆగింది. గుల్ల బయటకు పడలేదు, పక్కనున్న సందులో పొగగొట్టంలా నిటారుగా ఇరుక్కుని నిలబడింది. తీసి మళ్ళీ కాల్చింది. ఇంకో రెండు తూటాలకు మళ్ళీ గొట్టం.

సెక్రటరీ అద్దం విప్పేసి కాల్పించాడు. ఆగలేదు. పెట్టి కాల్పించాడు. ఆగింది.

"తేలిపోయింది కదా. బరువు. స్లైడు నెత్తి మీద అద్దం ఎక్కీసరికి తూటా దాన్ని తొయ్యలేకపోతన్నాది," అన్నాడు.

నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. "బాబూ, అద్దం ఎట్టక ముందు నుంచే గుల్లలు దగ్గర పడతన్నాయి," అన్నాను.

"ఏటమ్మా?"

"గుల్లలు బాబూ. నాను కొత్తగా పన్లో సేరినప్పుడు అదిగో, ఆ స్తంభం కాడ పడీవి. ఏడాదిగా దగ్గరికొచ్చి దగ్గరికొచ్చి ఇప్పుడు కాళ్ళ కాడ పడతన్నాయి."

"గుల్ల ఎక్కడ పడితే మనకేటమ్మా, గుండు ఎక్కడ పడిందో సూసుకోవాలి గానీ. నువ్వు టీ ఇయ్యి. ఇది ఇంజనీరింగు మేటరు."

అందరూ నవ్వారు. మా ఆడపడుచు కూడా నవ్వింది. ఈ ముక్క రాయడానికి ఆమెకేమీ అభ్యంతరం లేదట, ఎందుకంటే అందరూ నవ్వారు కదా అంటోంది.

రోజూ నడుం వంచి ఆ గుల్లలు ఏరేది నేను. ఎక్కడ చీపురు ఆడించాలో నాకు తెలియాలి కదా. ఇదివరకు స్తంభం మొదట్లో గుప్పలా పడి ఉండేవి, ఒక్కచోట కూర్చుని ఏరేసేదాన్ని. ఇప్పుడు కాల్చేవాళ్ళ చెప్పుల కింద, బల్ల కింద, షెడ్డు అంచున, ఎక్కడపడితే అక్కడ. నా నడుముకు తెలిసిన సంగతి వాళ్ళకు పట్టలేదు.

అక్కడి నుంచి మొదలైంది రభస. ఒక ఆదివారం తూటాలే మంచివి కావన్నారు, ఇంకాస్త ఊపుగా పేలేవి తెప్పించారు. వాటితో కొంచెం నడిచింది, కానీ ఆ ఊపుకు అద్దం మరలు వదులైపోయాయి. చుక్క రేకు మీద ఉంటే గుండు మట్టికట్టలోకి పోయింది. మా ఆడపడుచు తన సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీసి మరలకు పూసింది. మరలు ఊడకుండా అది పట్టి ఉంచుతుందని ఎవరో చెప్పారట. నిజంగానే పట్టి ఉంచింది. ఆరు వారాల్లో సరిగ్గా జరిగిన పని అదొక్కటే.

మళ్ళీ ఆదివారం దుమ్ము అన్నారు. విమానాశ్రయం పనికి తిరిగే టిప్పర్లు రోడ్డు మీద మన్ను లేపుతున్నాయి, అది పిస్తోలులోకి పోతోందన్నారు. ఆ దుమ్ముకు జవాబు చెప్పాల్సింది నేనట.

"నీళ్ళు సరిగ్గా సల్లతన్నావా వదినా?" అంది మా ఆడపడుచు.

"సల్లతన్నాను. రోడ్డు మీద టిప్పర్లకి కూడా సల్లమంతావేటి?"

"అలాగంటావేటి, అడిగినాను అంతే కదా."

"అడగాల్సింది అడగవు గానీ."

ఆమె మూతి ముడుచుకుని పిస్తోలులో కుట్టుమిషను నూనె పోసింది. చుక్క వేయాల్సిన చోట ధార కట్టించింది. ఆ రోజు రెండో తూటాకే ఆగింది. నూనె పోస్తే బాగవ్వాల్సింది ఇంకా పాడైంది. అప్పుడైనా ఎందుకని ఎవరైనా అడిగారా అంటే, లేదు.

ఆ తరువాత సెక్రటరీ స్ప్రింగు మీద పడ్డాడు. స్లైడును ముందుకు తోసే స్ప్రింగు గట్టిగా ఉంది, కొంచెం తగ్గిస్తే వెనక్కి తేలిగ్గా వెళుతుందని కటింగ్ ప్లేయరుతో ఒక చుట్టు కత్తిరించాడు. మా ఆయన ఉంటే ఆ ప్లేయరు లాక్కుని ఉండేవాడు. కత్తిరించాక స్లైడు వెనక్కి బాగానే వెళ్ళింది. ముందుకు పూర్తిగా రాలేదు. తూటా సగం లోపల, సగం బయట. ఇదివరకు ఒక జబ్బు ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

"బాబూ, కోసింది అతకదు కదా," అన్నాను.

"సూద్దాం ఉండమ్మా," అన్నాడు, నా మొహం చూడకుండా.

పోటీ ఇంకా మూడు వారాలు ఉందనగా, ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మా ఆడపడుచు షెడ్డులో బల్ల మీద కూర్చుండిపోయింది. నేను గుల్లలు ఏరుతున్నాను. అన్నీ ఆమె కాళ్ళ చుట్టూనే ఉన్నాయి.

"కాలెత్తు," అన్నాను.

ఎత్తింది. "నాను ఒగ్గేస్తాను వదినా," అంది.

"ఏటి ఒగ్గేస్తావు?"

"ఇదే. పోటీకి రానని సెప్పేస్తాను. ఆళ్ళ ముందర ఆగిపోయి, గడియారం సూసుకుంటూ నిలబడేకన్నా అదే మేలు కదా."

"పిస్తోలు ఆగిపోతే నువ్వెందుకు మానీడం? నీ సెయ్యి ఆగనేదు కదా."

"అన్న నాకు నేర్పింది ఇదొక్కటే. అదీ పోతాది." ఆమె గొంతు బొంగురుపోయింది. నా గొంతు పుట్టుకతోనే బొంగురు కాబట్టి ఎవరూ నేను ఏడుస్తున్నానో తిడుతున్నానో పోల్చుకోలేరు. ఆ రోజు నేను తిట్టాను.

"ఆయన నీకు నేర్పింది ఏడవడం కాదు. నెగు. నా ఎంట ఇంటికి రా. ఆ పెట్లో స్ప్రింగు ఇంకోటి ఉండాల."

మా ఆయన సామాను పెట్టె ఇంట్లో మంచం కింద ఉంది. ఆయన పోయాక నేను దాన్ని తెరవలేదు. తెరిస్తే నూనె వాసన, కిరసనాయిలు వాసన వచ్చాయి. తలనొప్పి మందు డబ్బాలో మైనం కాగితంలో చుట్టి స్ప్రింగు దొరికింది. కొత్తది, కోయనిది. మా ఆడపడుచు దాన్ని కళ్ళకు అద్దుకుంది. నేను మూత వేసేయబోతుంటే ఆమె ఇంకేదో పైకి తీసింది. రబ్బరు బ్యాండు వేసిన ఈనుపుల్లల కట్ట. ఒక్కో పుల్ల కొస ఉలిలా చెక్కి ఉంది.

"ఇవేటి వదినా?"

"సీపురు పుల్లలు. ఏటా దసరా మర్నాడు మంచి పుల్లలు ఏరి ఇమ్మనీవోడు."

"దసరా మర్నాడే ఎందుకు?"

నాకేం తెలుసు, ఆయన చాదస్తం అనబోయాను. అంతలో పెట్టె అడుగున గుడ్డ కనిపించింది. ఆయన పాత బనీను ముక్క. పచ్చగా ఉంది. నేను ఎన్నిసార్లు సబ్బు పెట్టి బాదినా ఆ పచ్చ పోలేదు. ప్రతి ఏడూ దసరా మర్నాడు ఆ గుడ్డ నా బట్టల్లో పడేసేవాడు, నేను తిట్టుకుంటూ ఉతికేదాన్ని. ఇన్నేళ్ళు ఉతికాను. ఒక్కసారి కూడా ఈ పసుపు ఎక్కడిదని అడగలేదు. వాళ్ళు నన్ను అడగలేదని ఆరు వారాలు గొణిగిన మనిషిని, నేను నా మొగుడిని అడగలేదు.

నేల మీద చతికిలబడ్డాను.

"దసరాకి ఆయుధపూజ ఎవరు సేస్తన్నారిప్పుడు?" అన్నాను.

"నానే కదా. అన్న పోయినకాడి నుంచి నానే."

"పిస్తోలుకి పసుపు రాస్తన్నావా?"

"రాయకుండా పూజేటి?"

"ఎలాగ రాస్తన్నావు?"

ఆమె చెయ్యి చాపి, గడపకు రాసినట్టు నాలుగు వేళ్ళతో గాలిలో పులిమి చూపించింది. తడిపసుపు, గంధం, మీద కుంకుమ. చూపిస్తూ చూపిస్తూనే చెయ్యి ఆగిపోయింది.

మా ఆయన ఉన్నప్పుడు పూజ ఆయనే చేసేవాడు. చిటికెన వేలితో ఒక్క చుక్క పెట్టేవాడు. అంత పెట్టినా మర్నాడు పిస్తోలు మొత్తం విప్పి, కిరసనాయిలులో కడిగి, ఈనుపుల్లతో సందుసందూ గీకేవాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి దసరాకు నేను పళ్ళెం కడిగి, పూలు పట్టుకుని వెళ్ళాను. ఆఫీసు గది గుమ్మం దగ్గరే మా ఆడపడుచు నన్ను ఆపింది. నువ్వు రాకు వదినా, నలుగురూ నాలుగు మాటలంటారు, ఆ మాటలు నేను వినలేను అంది. నా మీద ప్రేమతోనే అంది. నేను పూలు ఇచ్చేసి గేటు దగ్గర కూర్చున్నాను. రెండో దసరాకు ఆమె చెప్పకముందే కూర్చున్నాను. లోపల ఉండి ఉంటే ఆ పులమడం చూసేదాన్ని. చూస్తే, మర్నాడు పుల్లలు ఏరి ఇవ్వాలని నాకు గుర్తొచ్చేది. నాకు తెలిసింది అంతే, కానీ అదే చాలేది.

ఇక్కడ కలం ఆగింది. రాయి అన్నాను. రాస్తోంది.

ఆదివారం పిస్తోలు విప్పారు. సెక్రటరీ, మా ఆడపడుచు బల్లకు ఇటూ అటూ కూర్చున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పెట్టెలోంచి పుల్లలు తీసి బల్ల మీద పెట్టాను.

"ఆ కొక్కెం కింద సూడండి," అన్నాను.

కొక్కెం వెనక ఒక సన్నటి గాడి ఉంటుంది. అందులో ఏముందో కనిపించలేదు, గాడే కనిపించలేదు. పూడిపోయి ఉంది. కిరసనాయిలులో నానబెట్టి మా ఆడపడుచు పుల్లతో పొడిచింది. పొడవగా పొడవగా పంటిగార ఊడినట్టు ఒక పెచ్చు ఊడి వచ్చింది. పైన నల్లగా ఉంది, తూటాల మసి. వేలితో నలిపితే లోపల పచ్చగా ఉంది.

సెక్రటరీ దాన్ని అరచేతిలో వేసుకుని కళ్ళజోడు ఎత్తి చూశాడు. "ఇదేటమ్మా ఇది?"

"ఇంజనీరింగు మేటరు బాబూ."

వాసన చూశాడు. "పసుపు," అన్నాడు.

రెండు దసరాల పసుపు, గంధం, దాని మీద మసి, దాని మీద మొన్న పోసిన మిషను నూనె. అంతా కలిసి సున్నంలా పట్టేసింది. కొక్కెం గుల్ల అంచును పూర్తిగా పట్టుకోవడం లేదు. అద్దం లేనప్పుడు ఎలాగోలా ఈడ్చుకొచ్చింది. కుంటుకుంటూ నడిచేవాడి నెత్తిన మూట పెడితే ఏమవుతుంది, అదే అయింది. మూటదే తప్పని అందరూ మూటను తిట్టారు.

"నీ సేతి పసుపేనే," అన్నాను మా ఆడపడుచుతో. "గడపకి పులిమినట్టు పులిమీసినావు."

"మరి నువ్వు సెప్పొచ్చు కదా వదినా."

"ఎక్కడి నుంచి సెప్పాల, గేటు కాడి నుంచా?"

ఆమె తల దించుకుని ఇంకో పుల్ల తీసుకుంది. గంటసేపటికి గాడి శుభ్రమైంది, కోయని స్ప్రింగు పడింది, అద్దం మళ్ళీ ఎక్కింది, మరలకు మళ్ళీ గోళ్ళరంగు. ఆమె వెళ్ళి ఐదు తూటాలు కాల్చింది. నేను గుల్లలు చూశాను. స్తంభం దాకా వెళ్ళలేదు, అద్దం బరువుంది కదా, అడుగు ఇవతల పడ్డాయి. కానీ ఐదూ ఒక్కచోటే పడ్డాయి. దుప్పటి పరిచి పట్టుకోవచ్చు.

మిగిలిన రెండు ఆదివారాలూ పిస్తోలు ఒక్కసారి ఆగలేదు. అక్కడితో నా బాధ తీరిందనుకున్నాను. తీరలేదు.

పోటీ రోజు మా ఆడపడుచు మొదటి విడత కాల్చింది. మూడు రేకులు పడ్డాయి. సమయం అయిపోయింది. రెండో విడత, మళ్ళీ మూడే. పిస్తోలు ఆగిందా అంటే ఆగలేదు. ఆగుతున్నది ఆమె. ఒక గుండు కాల్చి, పిస్తోలును కొంచెం పక్కకు వంచి, గుల్ల ఇరుక్కుందేమోనని సందులోకి చూసి, అప్పుడు ఇంకోటి కాలుస్తోంది. ఆరు వారాలు గొట్టాలు పీకీ పీకీ కంటికి అదే అలవాటైపోయింది. బాగుపడిన పిస్తోలును నమ్మడం ఆమెకు రాలేదు. నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఇంక మూడు విడతలు, పద్నాలుగు రేకులు పడాలి. అంటే ఒక్కటే పోవచ్చు.

విడతకూ విడతకూ మధ్య తూటాలు నింపుకోవడానికి కొంచెం సేపు ఇస్తారు. నేను డబ్బా పట్టుకుని గుల్లలు ఏరే వంకతో దగ్గరికి వెళ్ళాను.

"ఏటే సూస్తన్నావు మాటిమాటికీ?"

"ఆగిపోద్దేమోనని వదినా. నమ్మకం రాట్లేదు."

"సూడకు."

"సూడకుండా ఎలాగ, ఇరుక్కుంటే?"

"గుల్ల నాను సూస్తాను. అది నా పని. నువ్వు రేకు సూడు."

ఆమె నా వైపు చూసింది. నేను స్తంభానికి అడుగు ఇవతల, కాల్చేవాళ్ళ గీతకు వెనక, డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అక్కడ నిలబడవచ్చా అని ఒకతను గొణిగాడు. సెక్రటరీ అతని వైపు చెయ్యి ఊపి ఉండనివ్వు అన్నాడు.

మూడో విడత. మొదటి గుండుకు ఆమె మణికట్టు వంగబోయి ఆగింది. వంచలేదు. గుల్ల నా ముందు సిమెంటు మీద టింగుమని పడింది. ఇంకోటి. ఇంకోటి. ఐదూ పడ్డాయి, ఐదు రేకులూ పడ్డాయి. నాలుగో విడతలో ఐదు. నేను రేకుల వైపు చూడలేదు, గుల్లలనే చూశాను, మాట ఇచ్చాను కదా. ఐదో విడతలో గుల్లలు ఐదు పడ్డాయి. తల ఎత్తి చూస్తే నాలుగు రేకులు వాలి ఉన్నాయి, ఐదోది ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఊగి ఊగి నిలబడిపోయింది. నిలబడనీ. ఇరవై అయ్యాయి.

ఆమె పిస్తోలు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, వచ్చి నా డబ్బా లాక్కుని తనే కూర్చుని గుల్లలు ఏరింది. నడుం పట్టేసింది. మర్నాడు బడికి సెలవు పెట్టింది.

మొన్న దసరా వచ్చింది. సెక్రటరీ తనకు తోచిన ఉపాయం చేశాడు. పిస్తోలును పాలిథిన్ కవరులో పెట్టి, మూతి చుట్టి, పసుపు కుంకాలు కవరు మీద పెట్టాలన్నాడు. బాగానే ఉంది. నేను నీళ్ళు చల్లి, పూలు ఇచ్చి, ఎప్పటిలాగే గేటు వైపు నడిచాను. మా ఆడపడుచు పళ్ళెం పట్టుకుని బయటకు వచ్చింది.

"వదినా, లోపలికి రా."

"నలుగురూ నాలుగు మాటలంతారు."

"అననీ. నాను ఇంతాను."

"రెండేళ్ళు గేటు కాడ కూకోబెట్టి ఇప్పుడు పిలుస్తావేటే? పొయ్యి మీద టీ ఉన్నాది."

"టీ దింపీసి రా."

దింపేసి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. అనుకున్నారేమో, నాకు వినిపించలేదు. నా గుల్లల డబ్బా కూడా బల్ల మీద పెట్టించింది, దానికీ పసుపు రాసింది. నాలుగు వేళ్ళతో, గడపకు రాసినట్టే. పోనీలే, అది రేకు డబ్బా, ఎంత పట్టినా నడుస్తుంది అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కిరసనాయిలు సీసా, ఈనుపుల్లలు పట్టుకుని వెళ్ళాను. ఎందుకమ్మా, కవరు ఉంది కదా అన్నాడు సెక్రటరీ. తీసి చూడండి బాబూ అన్నాను. తీశాడు. గురిపుల్ల మొన గుచ్చుకుని కవరు మూల చిరిగి ఉంది. స్లైడు మీద కొక్కెం దాకా పచ్చటి తడి.

నేను మా ఆడపడుచు వైపు చూశాను. ఆమె చీర కొంగు దోపుకుని బల్ల ముందు కూర్చుని చెయ్యి చాపింది. మంచి పుల్ల ఒకటి ఏరి ఇచ్చాను.